లిబర్టీ శిథిల నౌక (తులాంబెన్, బాలి)

ఇండొనేషియాలోని బాలి ద్వీపపు ఈశాన్య తీరంలో, తులాంబెన్ గ్రామం ఎదుట, ఒడ్డుకు సుమారు 30 మీటర్ల దూరంలో సముద్రగర్భాన పక్కకు ఒరిగి ఉన్న అమెరికన్ సరుకుల ఓడ లిబర్టీ. ఉష్ణమండల జలాల్లో తక్కువ లోతున పగడాలు కప్పిన శిథిల నౌకలలో ఇది మిక్కిలి ప్రసిద్ధమైనది. 1918లో నిర్మితమై, 1942లో జపాన్ జలాంతర్గామి టార్పెడో దెబ్బ తిని, ఆ తరవాత ఇరవై ఏళ్లకు పైగా ఒడ్డున పడి ఉన్న ఈ ఓడ, 1963లో ఆగుంగ్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు నీటిలోకి జారిపోయింది. దీని పైభాగం నీటిమట్టానికి 5 మీటర్ల దిగువనే మొదలై, అడుగుభాగం 30 మీటర్ల లోతు వరకు వ్యాపించి ఉండడంవల్ల, కొత్తగా శిక్షణ పొందినవారు మొదలు సముద్ర జీవశాస్త్రజ్ఞుల వరకు పలు స్థాయులవారు ఇక్కడ స్కూబా డైవింగ్ చేస్తారు. అధిక పీడనంతో గాలి నింపిన సిలిండర్‌ను వీపున కట్టుకుని, ఆ గాలిని చుట్టూ ఉన్న నీటి పీడనానికి సరిపడేలా అందించే రెగ్యులేటర్ అనే పరికరం ద్వారా ఊపిరి పీలుస్తూ నీటి అడుగున సంచరించడమే స్కూబా డైవింగ్.

ఈ స్థలంలో రెండు ప్రక్రియలు ఏకకాలంలో సాగుతున్నాయి. ఓడ ఇనుము ఏటేటా తుప్పుపట్టి కుంగిపోతుండగా, అదే ఇనుమును ఆధారం చేసుకున్న పగడాలు ఏటేటా పెరుగుతున్నాయి. వీటిలో ఏది ముందంజ వేస్తుందనేది సముద్రపు స్థితిగతులతోపాటు, అక్కడికి దిగే మనుషుల నడవడిక మీద కూడా ఆధారపడి ఉంది.

భౌగోళిక నేపథ్యం

తులాంబెన్ బాలిలోని కరంగసెమ్ జిల్లాకు చెందిన తీరగ్రామం. దానికి నైరుతి దిక్కున 3,000 మీటర్లకు పైగా ఎత్తున్న ఆగుంగ్ పర్వతం బాలి హిందువులకు అత్యంత పవిత్రమైనది. తీరమంతటా ఈ పర్వతం వెదజల్లిన నల్లని ఇసుక, అలల ఒరిపిడికి నునుపెక్కిన గుండ్రాళ్లు పరుచుకుని ఉంటాయి. తూర్పున బాలికి, లోంబోక్ ద్వీపానికి నడుమ ఉన్న లోంబోక్ జలసంధి గుండా పసిఫిక్ మహాసముద్రపు వెచ్చని నీరు హిందూ మహాసముద్రంలోకి నిరంతరం ప్రవహిస్తూ, పోషకాలను, జలచరాల డింభకాలను మోసుకువస్తుంది. ఆసియా, ఆస్ట్రేలియా జీవజాలాల మధ్య సరిహద్దుగా ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఆల్‌ఫ్రెడ్ రసెల్ వాలెస్ గుర్తించిన రేఖ కూడా ఈ జలసంధి మీదుగానే పోతుంది.

బాలి జలాలు పగడపు త్రిభుజం అనే సముద్ర ప్రాంతంలో భాగం. ఇండొనేషియా, మలేషియా, ఫిలిప్పీన్స్, పాపువా న్యూ గినీ, తూర్పు తైమూర్, సోలమన్ దీవుల జలాలతో కూడిన ఈ ప్రాంతంలో, ప్రపంచంలో ఇప్పటివరకు గుర్తించిన దిబ్బలు కట్టే పగడాల జాతులలో దాదాపు నాలుగింట మూడు వంతులు, అంటే 600కు పైగా జాతులు ఉన్నాయి. ఓడ ఇక్కడికి చేరడం యుద్ధకాలపు యాదృచ్ఛిక ఘటన అయినా, దానిమీద ఇంత దట్టంగా, ఇంత వైవిధ్యంతో జీవం నెలకొనడానికి ఈ నేపథ్యమే కారణం.

నౌక చరిత్ర

లిబర్టీని అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం కియర్నీలో ఫెడరల్ షిప్‌బిల్డింగ్ సంస్థ నిర్మించింది. సుమారు 125 మీటర్ల పొడవున్న ఈ ఉక్కు ఓడ మొదటి ప్రపంచ యుద్ధపు చివరి నెలల్లో అమెరికా నౌకాదళంలో చేరి, 1919లో ఆ సేవనుంచి విడుదలై, ఆ తరవాత వర్తక నౌకగా పనిచేసింది. రెండో ప్రపంచ యుద్ధం ముంచుకొస్తున్న 1940లో అమెరికా సైన్యం దీన్ని సరుకు రవాణా కోసం తీసుకుంది. 1941 నుంచి అమెరికా ఒకే నమూనాపై 2,700కు పైగా నిర్మించిన లిబర్టీ తరగతి నౌకలలో ఇది ఒకటని తరచుగా పొరబడుతుంటారు. వాస్తవానికి ఇది ఆ తరగతికి రెండు దశాబ్దాలకు మునుపటి ఓడ.

1942 జనవరిలో రబ్బరు, రైలుమార్గపు సామగ్రి నింపుకుని ఆస్ట్రేలియానుంచి ఫిలిప్పీన్స్‌కు పోతున్న లిబర్టీని, ఆ నెల 11వ తేదీన లోంబోక్ జలసంధి సమీపంలో జపాన్ జలాంతర్గామి టార్పెడోతో కొట్టింది. అప్పటికి ఐ-66 సంఖ్య కలిగి ఉన్న ఆ జలాంతర్గామి అదే ఏడాది ఐ-166గా మారింది. దెబ్బతిన్నా వెంటనే మునిగిపోని ఓడను అమెరికా విధ్వంసక నౌక పాల్ జోన్స్, డచ్చి విధ్వంసక నౌక వాన్ ఘెంట్ కలిసి తాళ్లు కట్టి బాలి ఉత్తర తీరంలోని సింగరాజ రేవుకు లాక్కుపోవడానికి ప్రయత్నించాయి. అయితే లోపలికి చేరుతున్న నీరు పెరిగిపోయి, రేవు చేరేలోగా ఓడ మునగడం ఖాయమని తేలడంతో, సరుకునైనా దక్కించుకోవాలని దారిలో ఉన్న తులాంబెన్ తీరాన ఒడ్డెక్కించారు. మరుసటి నెలలోనే జపాన్ సేనలు బాలిని ఆక్రమించుకోవడంతో ఓడను బాగుచేసే ప్రసక్తే లేకపోయింది. తదుపరి ఏళ్లలో సరుకును, పనికివచ్చే లోహపు భాగాలను ఊడదీసుకుపోగా, ఖాళీ దేహం ఒడ్డున మిగిలింది.

1963 విస్ఫోటనం

ఆగుంగ్ పర్వతం 1963 ఫిబ్రవరిలో మేల్కొని, మార్చి 17న మహావిస్ఫోటనం చెందింది. వెయ్యిమందికి పైగా ప్రాణాలు బలిగొని, తూర్పు బాలిలోని ఎన్నో గ్రామాలను, పొలాలను బూడిదపాలు చేసిన ఈ ఉపద్రవం ఇండొనేషియా 20వ శతాబ్ది చరిత్రలో దారుణమైన ప్రకృతి వైపరీత్యాలలో ఒకటి. దానితోపాటు వచ్చిన భూప్రకంపనలు ఓడను ఒడ్డునుంచి కదిల్చి, తీరం వెంబడి ఏటవాలుగా దిగిపోయే నల్లని ఇసుక వాలు మీదికి జార్చాయి. ఆ కుదుపులకు ఓడ దేహం పలుచోట్ల విరిగింది. లిబర్టీ నేడున్న రూపానికి టార్పెడో ఎంత కారణమో అగ్నిపర్వతమూ అంతే కారణం. సాధారణంగా దాడికి గురైన ఓడలు నడిసముద్రంలో, లోతైన చోట్ల మునుగుతాయి. ఈ ఓడ మాత్రం సూర్యకాంతి పుష్కలంగా అందే లోతులో, ఒడ్డునుంచి ఈదుకుంటూ చేరగలిగినంత దగ్గరలో ఆగింది.

శిథిలం నేటి స్థితి

ఓడ తీరానికి సమాంతరంగా పక్కమీద పడుకుని ఉంది. అణియం అనే ముందు కొస, అమరం అనే వెనక కొస ఇప్పటికీ గుర్తుపట్టగలిగేలా ఉన్నా, నడిమి భాగం చాలావరకు విచ్చుకుపోయి, సరుకు గదుల గోడలు, దూలాలు, గొట్టాలు, ఆవిరి యంత్రాల భాగాలు వాలు మీద చెల్లాచెదరుగా కనిపిస్తాయి. రేకులు ఊడిపోయిన చోట్ల మిగిలిన పక్కటెముకల వంటి చట్రాల మధ్యనుంచి వెలుతురు లోపలికి వస్తుంది. అందుచేత లోపలికీ బయటికీ దారి స్పష్టంగా కనిపించే వెడల్పైన ఖాళీలగుండా డైవర్లు దాటిపోగల చోట్లు చాలా ఉన్నాయి. అయితే ఏ శిథిలంలోనైనా తలమీద కప్పు ఉన్న చోటును డైవింగ్ శాస్త్రం ప్రత్యేకమైన ప్రమాద స్థలంగానే పరిగణిస్తుంది. ఆపద వచ్చినప్పుడు అక్కడ నేరుగా పైకి పోయే వీలు ఉండదు. కాళ్ల తాకిడికి లేచిన మడ్డి క్షణాల్లో దారిని కప్పేస్తుంది. లోతైన గదుల్లోకి చొరబడడానికి ప్రత్యేక శిక్షణ, వెనక్కి దారి చూపే తాడు, ఒకటికి మించిన దీపాలు తప్పనిసరి. గాలిలో మూడో వంతు లోపలికి పోవడానికి, మూడో వంతు తిరిగి రావడానికి కేటాయించి, మిగిలిన మూడో వంతును ఆపత్కాలానికి తాకకుండా ఉంచుకోవాలన్నది ఇటువంటి చోట్ల పాటించే నియమం.

పగడాల స్థాపన

పగడం ఒక జంతువు. పాలిప్ అనే చిన్న మెత్తటి జీవులు వేలసంఖ్యలో కలిసి జీవిస్తూ, సముద్రపు నీటిలోని కాల్షియాన్ని తీసుకుని సున్నపు అస్థిపంజరాన్ని నిర్మిస్తాయి. వాటి కణజాలంలో ఆశ్రయం పొందిన జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు సూర్యకాంతితో ఆహారం తయారుచేసి, అందులో అధికభాగాన్ని పాలిప్‌కు అందిస్తాయి. కనుకనే దిబ్బలు కట్టే పగడాలకు వెచ్చదనం, వెలుతురు, తేటనీరు కావాలి. వీటితోపాటు గట్టి పునాది కూడా కావాలి. పగడాల డింభకాలు నీటిలో కొన్ని రోజులనుంచి కొన్ని వారాల వరకు కొట్టుకుపోతూ, స్థిరమైన తలం దొరికినప్పుడే అతుక్కుని రూపాంతరం చెందుతాయి. అలలకు నిత్యం కదిలే తులాంబెన్ ఇసుకలో అటువంటి తలం అరుదు. అందువల్ల 1963లో అక్కడికి చేరిన 125 మీటర్ల ఉక్కు కట్టడం ఆ వాలుమీద ఎడారిలో కట్టిన ధర్మసత్రం వలె డింభకాలకు నిలువనీడ అయింది.

శిథిలం మీద జీవం ఒక క్రమంలో నెలకొంటుంది. నీటిలో పడిన లోహాన్ని మొదట సూక్ష్మజీవుల జిగట పొర, తరవాత శైవలాలు, సున్నపు పెంకును కట్టే ఎర్రని శైవలాలు, బార్నకిళ్లు కప్పుతాయి. ఈ పొరలమీద స్పంజికలు, మెత్తని పగడాలు, గట్టి పగడాలు స్థిరపడతాయి. కొమ్మల ఆకారపు పగడాలు ఏడాదికి పది సెంటీమీటర్ల వరకు సాగగలవు గాని, బండరాళ్ల ఆకారంలో పెరిగేవి ఏడాదికి ఒక సెంటీమీటరు అటూఇటుగా మాత్రమే పెరుగుతాయి. లిబర్టీ మీది ఒక ఇనుప చట్రాన్ని దగ్గరనుంచి పరిశీలిస్తే ఈ కాలక్రమం స్పష్టమవుతుంది. వెలుతురు తగిలే పైవైపున గట్టి పగడాలు పరుచుకుని ఉండగా, నీడ పడే కిందివైపున ఊదా, నారింజ రంగుల మెత్తని పగడాలు తలకిందులుగా వేలాడుతుంటాయి. ప్రవాహం ఎదురుగా తగిలే అంచున సీ ఫ్యాన్లనే విసనకర్రల ఆకారపు పగడాలు, నీటిలో తేలివచ్చే ప్లవకాలను పట్టడానికి ప్రవాహానికి అడ్డంగా విచ్చుకుని ఉంటాయి. అంటే ఒకే దూలం చుట్టూ వెలుతురును, నీడను, ప్రవాహాన్ని మూడు వేర్వేరు జీవసమూహాలు పంచుకుంటున్నాయన్న మాట.

జీవజాలం

శిథిలానికి, ఒడ్డుకు మధ్యనున్న ఇసుకలో గార్డెన్ ఈల్ అనే సన్నని చేపలు గుంపులుగా బొరియల్లో తోకలు దిగేసి, పైభాగాన్ని నిటారుగా నిలిపి ప్లవకాలను మేస్తుంటాయి. మనిషి దగ్గరపడగానే అవన్నీ ఒక్కసారిగా ఇసుకలోకి కుంగిపోతాయి. ఓడ పైన వందలాది పెద్దకళ్ల ట్రెవల్లీలు సుడి ఆకారంలో తిరుగుతుంటాయి. ఇవి తెలుగు తీరంలో మత్స్యకారులు పార చేపలని పిలిచే కుటుంబానికి చెందినవి.

లిబర్టీకి పేరు తెచ్చిన చేప బంప్‌హెడ్ చిలుక చేప. నుదుట పెద్ద బొప్పితో, ఒకటింపావు మీటరుకు మించిన పొడవు, 40 కిలోలకు పైగా బరువు వరకు పెరిగే ఈ చేపలు గుంపుగా వచ్చి, రాత్రి ఓడ నీడన నిద్రించి, తెల్లవారుతూనే మేతకు బయలుదేరుతాయి. వీటిని చూడాలనుకునే డైవర్లు సూర్యోదయానికి ముందే నీటిలోకి దిగడం ఇక్కడి ఆనవాయితీ. ఇవి గట్టి పగడాలను పళ్లతో కొరికి, గొంతులోని దవడలతో నూరి, సున్నపు భాగాన్ని ఇసుకగా విసర్జిస్తాయి. గ్రేట్ బారియర్ దిబ్బమీద జరిగిన అధ్యయనం ప్రకారం ఒక్కో పెద్ద చేప ఏడాదికి 5 టన్నులకు పైగా దిబ్బ పదార్థాన్ని ఈవిధంగా తరలిస్తుంది. గుంపుగా నిద్రించే అలవాటువల్ల రాత్రివేళ ఈటెలతో వేటాడేవారికి తేలికగా చిక్కి, అనేక ప్రాంతాల్లో వీటి సంఖ్య క్షీణించింది. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య వీటిని ముప్పు పొంచి ఉన్న జాతుల జాబితాలో చేర్చింది.

పరిమాణంలో దీనికి పూర్తిగా భిన్నమైనది మరుగుజ్జు సముద్రగుర్రం. సాధారణంగా రెండు సెంటీమీటర్ల పొడవు మించని ఈ చేప ఒక రకపు సీ ఫ్యాన్ కొమ్మలకు తోక చుట్టుకుని జీవితమంతా అక్కడే గడుపుతుంది. ఒంటినిండా ఉన్న గులాబి రంగు బుడిపెలు సీ ఫ్యాన్ పాలిప్‌లను అచ్చుగుద్దినట్లు పోలి ఉండడంవల్ల, దీన్ని 1969లో న్యూ కలెడోనియాలో ఒక ప్రదర్శనశాల కోసం సేకరించిన సీ ఫ్యాన్‌ను పరిశీలిస్తున్నప్పుడు గాని శాస్త్రజ్ఞులు కనుగొనలేకపోయారు. తులాంబెన్ జలాల్లో స్థానిక మార్గదర్శకులు ఇటువంటి సూక్ష్మ జీవులను వెతికి చూపడంలో సిద్ధహస్తులు.

డైవింగ్ విధానం

లిబర్టీని చేరడానికి పడవ అక్కరలేదు. డైవర్లు గట్టి అడుగుల బూట్లు ధరించి, జారిపోయే గుండ్రాళ్లమీద నడిచి, అలల విరామం చూసి నడుములోతు నీటిలోకి చేరాక పాదాలకు ఈత రెక్కలు తొడుక్కుంటారు. ఇక్కడ ఎక్కువగా తగిలే చిన్న గాయాలు లోతులో గాక, ఈ నాలుగడుగుల అలల పట్టీలోనే కలుగుతాయి. నీటి ఉష్ణోగ్రత ఏడాదిలో అధికకాలం 26 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండి, ఆగ్నేయ పవనాలు వీచే జులై–సెప్టెంబరు నెలల్లో కొంత తగ్గుతుంది.

ప్రతి 10 మీటర్ల లోతుకు నీటి పీడనం ఒక వాతావరణ పీడనమంత పెరుగుతుంది. అందుచేత 30 మీటర్ల లోతున శరీరంపై ఒడ్డున ఉండే పీడనానికి నాలుగింతలు పనిచేస్తుంది. అక్కడ ఒక్కో శ్వాసకు ఖర్చయ్యే గాలీ అంతే నిష్పత్తిలో పెరుగుతుంది. పీడనంతోపాటు శ్వాసలోని నత్రజని రక్తంలో, కణజాలంలో కరుగుతుంది. వేగంగా పైకి వస్తే అది బుడగలై కీళ్లనొప్పులు మొదలు పక్షవాతం వరకు కలిగించే డీకంప్రెషన్ వ్యాధికి దారితీస్తుంది. వినోద డైవర్లు వాడే ఒక ప్రసిద్ధ పట్టిక ప్రకారం 18 మీటర్ల లోతున 56 నిమిషాలు, 30 మీటర్ల లోతున 20 నిమిషాలు దాటకుండా ఉంటే, మధ్యలో ఆగే నిర్బంధం లేకుండా నిదానంగా పైకి రావచ్చు. అయినా 5 మీటర్ల వద్ద మూడు నిమిషాలు ఆగడం మంచి పద్ధతి. తక్కువ లోతు శిథిలం విలువ ఇక్కడే తెలుస్తుంది. లోతైన భాగంలో మొదలుపెట్టి, ఓడ దేహం వెంబడి క్రమంగా పైకి వస్తే, ఆ మూడు నిమిషాల విరామం కూడా ఓడ పైఅంచు పగడాల చెంతనే గడుస్తుంది. వెలుతురు విషయంలోనూ ఇదే అనుకూలత ఉంది. నీరు ఎరుపు కాంతిని మొదటి కొద్ది మీటర్లలోనే పీల్చుకుంటుంది కాబట్టి, లోతున నీలి బూడిదగా కనిపించే మెత్తని పగడాలు దీపం వేస్తేనే అసలు రంగు చూపుతాయి; పైఅంచున ఉన్నవి సూర్యకాంతిలోనే రంగులీనుతుంటాయి.

శిథిలం మీద డైవర్‌కు అన్నిటికంటె ముఖ్యమైన నైపుణ్యం తటస్థ ప్లవనం, అంటే మునగక, తేలక, ఉన్న లోతులో నిలకడగా ఉండడం. నడుముకు కట్టిన బరువులను, గాలి నింపే చొక్కాను, ఊపిరిని సమన్వయం చేసుకోవడంవల్ల ఇది అలవడుతుంది. ఇది కుదరనివారు పట్టుకోసం చేతికందిన దూలాన్ని పట్టుకుంటారు. ఆ దూలంమీద దశాబ్దాలుగా పెరిగిన పగడం ఒక్క పట్టుకు విరుగుతుంది. మనిషికీ అది క్షేమం కాదు. తుప్పుపట్టిన అంచులు, చర్మాన్ని మంటెత్తించే ఫైర్ కోరల్, ఇనుము రంగులో కలిసిపోయి పడుకునే విషపు ముళ్ల తేలు చేపలు అటువంటి చోట్లనే ఉంటాయి.

గ్రామ జీవనం

1963 తరవాత పేద తీరగ్రామంగా మిగిలిన తులాంబెన్‌కు నేడు ప్రధాన జీవనాధారం డైవింగే. వాహనాల నుంచి ఒడ్డుకు సిలిండర్లను చేరవేసే పని స్థానిక కూలీల సంఘానిది. వారిలో మహిళలే అధికం. తలమీద గుడ్డచుట్ట పెట్టుకుని, పదిహేను కిలోల వరకు బరువుండే సిలిండర్లను ఒక్కోసారి రెండేసి చొప్పున మోస్తూ, ఇతరులు చేతులు చాచి తూలుకుంటూ నడిచే గుండ్రాళ్లమీద వారు నిబ్బరంగా నడిచిపోతారు. బాలి శక సంవత్సరాదియైన న్యెపి నాడు మాత్రం ద్వీపమంతటా రాకపోకలు, పనులు నిలిచిపోతాయి, డైవింగూ ఉండదు. తెలుగు పంచాంగమూ లెక్కించే ఆ శకమే అక్కడా వాడుకలో ఉన్నందున, 2023లో మార్చి 22న న్యెపి, ఉగాది ఒకే రోజున వచ్చాయి.

ఇతర శిథిలాలతో పోలిక

ఆస్ట్రేలియాలోని టౌన్స్‌విల్ సమీపంలో 1911 మార్చి 23న తుపానులో 122 మందితో మునిగిన యోంగాలా ఓడ కూడా ఇసుక మైదానంలో ఏకైక గట్టి ఆధారమై పగడాలతో నిండింది. అది సమాధి స్థలం కూడా కావడంతో దాని లోపలికి పోవడాన్ని చట్టం నిషేధించింది. ఎర్రసముద్రంలో 1941 అక్టోబరులో జర్మన్ విమానాల బాంబులకు మునిగిన థిసిల్‌గార్మ్‌కు, సందర్శక పడవలు నేరుగా ఓడకే తాళ్లు కట్టడంవల్ల తీవ్రనష్టం వాటిల్లింది. ఒడ్డునుంచే చేరగలిగిన లిబర్టీకి ఆ బెడద తక్కువ.

మునిగిన ప్రతి ఓడా పగడాలకు మేలు చేస్తుందనడం సరికాదు. మధ్య పసిఫిక్‌లోని పాల్మైరా దిబ్బమీద 1991లో మునిగిన చేపల పడవ నుంచి కరిగిన ఇనుము, సహజంగా ఇనుము కొరవడిన ఆ నీటిలో పగడాలను కప్పివేసే ఒక జీవి విపరీతంగా వ్యాపించడానికి దోహదం చేసిందని శాస్త్రజ్ఞులు భావించగా, 2013–14లో ఆ శిథిలాన్ని తొలగించవలసి వచ్చింది. ఆంధ్ర తీరంలోనూ మునిగిన నౌకలు ఉన్నాయి; 1944 ఫిబ్రవరిలో జపాన్ జలాంతర్గామి ఆర్ఓ-110 విశాఖపట్నం సమీపంలోనే మునిగింది. కాని గోదావరి, కృష్ణ వంటి నదులు మోసుకొచ్చే మంచినీరు, ఒండ్రుమట్టి కారణంగా ఈ తీరంలో పగడపు దిబ్బలు ఏర్పడలేదు. భారతదేశంలో అవి ప్రధానంగా అండమాన్ నికోబార్, లక్షదీవులు, మన్నారు సింధుశాఖ, కచ్ సింధుశాఖలకు పరిమితం. ఓడ, పగడం ఒకచోట కలవాలంటే ఇనుముతోపాటు తేటనీరూ ఉండాలని ఈ పోలిక తెలుపుతుంది.

సంరక్షణ, భవిష్యత్తు

లిబర్టీకి ఎదురయ్యే ముప్పులు మూడు విధాలు. మొదటిది సముద్రపు వేడి. నీటి ఉష్ణోగ్రత సాధారణ గరిష్ఠాన్ని మించి వారాల తరబడి నిలిస్తే పాలిప్‌లు తమలోని శైవలాలను వెళ్లగొట్టి తెల్లబడతాయి. వేడి తగ్గకపోతే చనిపోతాయి. 1998, 2010, 2014–17 సంవత్సరాల్లో ప్రపంచవ్యాప్తంగా ఇది సంభవించి, 2023లో నాలుగోసారి మొదలైంది. రెండోది తుప్పు. పగడాలు, సున్నపు పొర దట్టంగా ఉన్న చోట లోహానికి ప్రాణవాయువు అందడం తగ్గి తుప్పు మందగిస్తుంది. పొర ఊడిన చోట మళ్లీ ఊపందుకుంటుంది. మూడోది సందర్శకుల తాకిడి. దక్షిణ బాలి నుంచి వచ్చే బృందాలన్నీ ఒకే వేళకు దిగే పగటిపూట, ఇరుకైన చోట్ల డైవర్ల గుంపులు ఒకదాన్నొకటి తాకుతూ పోవడం జరుగుతుంది.

ఈ మూడింటిలో మొదటిది ప్రపంచ దేశాలన్నీ కలిసి ఎదుర్కోవలసినది. రెండోదాన్ని పూర్తిగా ఆపడం ఎవరి తరమూ కాదు. మూడోది మాత్రం నీటిలోకి దిగే ప్రతి ఒక్కరి చేతిలోనూ ఉంది. చేతులు ముడుచుకుని, రెక్కలను శిథిలానికి ఎడంగా ఉంచి, ఏ ముక్కనూ తీసుకుపోకుండా, శిక్షణకు మించిన గదుల్లోకి పోకుండా ఉండడమే ఇక్కడి డైవింగ్ మర్యాద. ఉక్కు ఏనాటికైనా కరిగిపోతుంది. అయితే అది కుప్పకూలేలోగా దానిపైని పగడాలు ఒకదానితో ఒకటి అతుక్కుని తమంతట తాము నిలబడగలిగే దిబ్బగా మారితే, ఓడ రూపం చెరిగినా దాని చుట్టూ అల్లుకున్న జీవలోకం, దాన్ని నమ్ముకున్న గ్రామం నిలుస్తాయి. అందుకు అవసరమైన వ్యవధి దక్కడంలో, పగడాన్ని తాకకుండా ఈదడం నేర్చిన డైవర్ల పాత్ర ఏ చట్టానికీ తీసిపోదు.